బెంగళూరులో మొదటి వాల్వు స్టీరియో యాంప్లిఫయర్: ఈఎల్84తో ఎలా మొదలుపెట్టాలి?

కొత్త_వాల్వు (మారతహళ్లి)

అందరికీ నమస్కారం. మాది ఒంగోలు, ఉద్యోగం బెంగళూరులో. చిన్న చిన్న ట్రాన్సిస్టర్ సర్క్యూట్లు చేశాను, సోల్డరింగ్ బాగానే వచ్చు. ఇప్పుడు ట్రాన్సిస్టర్ల బదులు పాతకాలపు గాజు వాల్వులతో నడిచే ఒక స్టీరియో యాంప్లిఫయర్ సొంతంగా కట్టాలని ఉంది. మాది 10 అడుగులకి 12 అడుగుల గది. వినేది ఎక్కువగా ఘంటసాల గారి పాటలు, బాలమురళీకృష్ణ గారి కచేరీలు. పెద్ద సౌండ్ అక్కర్లేదు. ఏ వాల్వుతో మొదలుపెట్టాలి, ట్రాన్స్‌ఫార్మర్లు ఇక్కడ దొరుకుతాయా, కిట్ కొనడం మంచిదా? పెద్దలు దారి చూపించాలి.

ఓమ్స్_లా

స్వాగతం. నేను పవర్ ఎలక్ట్రానిక్స్‌లో పనిచేస్తాను, ఇంట్లో వాల్వు యాంప్లిఫయర్లు కడతాను. మీ గదికి, మీ సంగీతానికి సింగిల్ ఎండెడ్ (చివర్లో ఒక్క వాల్వే స్పీకరుని నడిపే పద్ధతి) ఈఎల్84 సరిగ్గా సరిపోతుంది. ఒక్కో ఛానెల్‌కి ఒక ఈఎల్84, రెండింటికీ కలిపి, సిగ్నల్‌ని ముందుగా పెంచడానికి ఒకే ఒక ఈసీసీ83. ఈసీసీ83 గాజుబుడ్డిలో రెండు ట్రయోడ్లు (మూడు ఎలక్ట్రోడ్ల వాల్వులు) ఉంటాయి కాబట్టి ఒకటి ఎడమకి, ఒకటి కుడికి. మొత్తం మూడు వాల్వులతో స్టీరియో వచ్చేస్తుంది.

డేటాషీట్ ప్రకారం 250 వోల్టుల దగ్గర ఒక ఈఎల్84 సుమారు 5.7 వాట్లు ఇస్తుంది, కానీ ఆ చివరి అంచుకి వెళ్లేసరికి డిస్టార్షన్ 10 శాతం ఉంటుంది. శుభ్రంగా వినదగ్గవి మూడు, నాలుగు వాట్లు అనుకోండి.

వీణ_తీగ

మూడు వాట్లు అనగానే చాలామంది నిరుత్సాహపడతారు. లెక్క చూడండి. ఒక వాటుకి ఒక మీటరు దూరంలో 88 డెసిబెల్స్ ఇచ్చే స్పీకరు ఉందనుకుందాం. 4 వాట్లు ఇస్తే దానికి 6 డెసిబెల్స్ కలుస్తాయి, అంటే 94. చిన్న గదిలో అది చాలా గట్టి శబ్దమే. అదే 92 డెసిబెల్స్ స్పీకరైతే 98 దాకా వెళ్తారు. అందుకని ముందు స్పీకరు సెన్సిటివిటీ చూసుకోండి. 84, 85 ఉన్న చిన్న బుక్‌షెల్ఫ్ స్పీకర్లు పెట్టి, వాల్వుల్లో బలం లేదనడం న్యాయం కాదు.

జాలహళ్లి_పెద్దాయన

బాబూ, మంచి పని తలపెట్టావు. నేను వాల్వు రేడియోలు రిపేరు చేస్తూ పెరిగినవాణ్ణి. నువ్వున్న ఊరికి ఈ వాల్వులతో పాత బంధుత్వం ఉంది. 1954లో ఇక్కడ జాలహళ్లిలో మొదలైన బీఈఎల్ (భారత్ ఎలక్ట్రానిక్స్), 1961లో ఫిలిప్స్ సహకారంతో రేడియోల్లో వాడే రిసీవింగ్ వాల్వుల తయారీ మొదలుపెట్టింది. బీఈఎల్ ముద్ర ఉన్న ఈఎల్84, ఈసీసీ83 ఇప్పటికీ అక్కడక్కడా కనబడతాయి, మంచి సరుకు. అయితే టెస్ట్ చేయకుండా కొనకు. కొత్తవి కావాలంటే స్లొవేకియాలో తయారయ్యే జేజే వాల్వులున్నాయి, రష్యా 6పి14పి కూడా ఈఎల్84కి బదులుగా కూర్చుంటుంది. డబ్బాల మీద 6బీక్యూ5 అని ఉన్నా అదే వాల్వు. ఈసీసీ83ని అమెరికా పేరుతో 12ఏఎక్స్7 అంటారు.

ఇక నా మాట ఒకటి విను. వాల్వుల బ్రాండు గురించి వేడివేడి వాదనలు చాలా చదువుతావు. వాటిని పక్కన పెట్టు. నీ యాంప్లిఫయర్ ఎలా పలకాలో నిర్ణయించేది అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్. డబ్బంతా అక్కడ పెట్టు.

కొత్త_వాల్వు (మారతహళ్లి)

పెద్దాయన గారూ, ఓమ్స్_లా మేడమ్, చాలా థాంక్స్. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ అంటే ఏం అడగాలి? ఇక్కడి ఎలక్ట్రానిక్స్ బజారు ఎస్.పి. రోడ్డులో నాలుగైదు షాపుల్లో అడిగితే "ఏ రేటింగ్?" అని ఎదురు అడిగారు.

పీణ్యా_వైండింగ్

నేను ట్రాన్స్‌ఫార్మర్లు చుట్టే యూనిట్‌లోనే పనిచేస్తాను కాబట్టి ఇది నేను చెబుతాను. షాపుకెళ్లి "వాల్వు ట్రాన్స్‌ఫార్మర్" అంటే ఎవరూ ఇవ్వలేరు. కాగితం మీద ఇలా రాసుకెళ్లండి: ప్రైమరీ 5 కిలో ఓమ్స్, సెకండరీ 8 ఓమ్స్, సింగిల్ ఎండెడ్, ప్రైమరీలో 50 మిల్లీయాంప్స్ డీసీ నిరంతరం పారుతుంది, 8 వాట్ల రేటింగ్, ప్రైమరీ ఇండక్టెన్స్ 15 హెన్రీలకి తగ్గకూడదు, కోర్‌కి ఎయిర్ గ్యాప్ ఉండాలి.

ఆ ఎయిర్ గ్యాప్ మాట ముఖ్యం. మామూలు ట్రాన్స్‌ఫార్మర్‌లో ఈ, ఐ స్టాంపింగులని అటొకటి ఇటొకటి మార్చి మార్చి పేరుస్తారు. సింగిల్ ఎండెడ్‌కి అలా పేర్చకూడదు. ఈలన్నీ ఒకవైపు, ఐలన్నీ ఒకవైపు పెట్టి, మధ్యలో పల్చటి కాగితం ఉంచాలి. లేకపోతే వాల్వులో పారే డీసీ వల్ల కోర్ శాచురేట్ అయిపోయి (ఇక అయస్కాంతం పట్టలేనంత నిండిపోయి) కింది స్వరాలు, అంటే బాస్, మొత్తం పోతాయి. పుష్-పుల్ (రెండు వాల్వులు జోడీగా పనిచేసే పద్ధతి) ట్రాన్స్‌ఫార్మర్ చవగ్గా దొరికింది కదా అని ఇక్కడ వాడకండి.

ప్రైమరీ, సెకండరీలని పొరలు పొరలుగా ఒకదాని మధ్య ఒకటి చుట్టమనండి. ఓపికతో కూడిన పని, కూలీ ఎక్కువ అడుగుతారు. ఇవ్వండి. ఒకేసారి మొత్తం ప్రైమరీ చుట్టేసి దానిమీద సెకండరీ చుడితే పై స్వరాలు మూసుకుపోతాయి, తంబురా మెరుపు వినబడదు.

ఓమ్స్_లా

చుట్టించి తెచ్చాక పరీక్షించే పద్ధతి ఒకటి చెబుతాను. 5000ని 8తో భాగిస్తే 625, దాని వర్గమూలం 25. అంటే చుట్ల నిష్పత్తి 25కి 1. వాల్వుని లోపల వేడిచేసే హీటర్‌కి వాడే ట్రాన్స్‌ఫార్మర్ నుంచి 6.3 వోల్టుల ఏసీని ప్రైమరీకి ఇచ్చి, సెకండరీలో మల్టీమీటర్‌తో చూడండి. పావు వోల్టు దగ్గర రావాలి. పొరపాటున కూడా 6.3 వోల్టులని సెకండరీ వైపు ఇవ్వకండి. అప్పుడు రెండో వైపు 150 వోల్టులు దాటి వస్తాయి, చెయ్యి తగిలితే ప్రమాదం.

పవర్ ట్రాన్స్‌ఫార్మర్‌కి: ప్రైమరీ 230, ఒక సెకండరీ 200 వోల్టులు 200 మిల్లీయాంప్స్, ఇంకొకటి 6.3 వోల్టులు 3 ఆంప్స్. ఈఎల్84 హీటర్ ఒక్కోటి 0.76 ఆంప్, ఈసీసీ83 0.3 ఆంప్, అన్నీ కలిపితే 1.82. మూడు ఆంపులుంటే వేడెక్కకుండా హాయిగా ఉంటుంది. 200 వోల్టుల వైండింగ్‌కి నాలుగు 1ఎన్4007 డయోడ్లతో బ్రిడ్జి పెడితే సుమారు 265 వోల్టుల డీసీ వస్తుంది.

రిచీ_స్ట్రీట్ (చెన్నై)

మధ్యలో వస్తున్నందుకు మన్నించండి. డయోడ్ల బదులు ఈజెడ్81 లాంటి, ఏసీని డీసీ చేసే రెక్టిఫయర్ వాల్వు పెడితే బాగుండదా? వోల్టేజి మెల్లగా పెరుగుతుంది, వాల్వులకి మంచిది అంటారు కదా.

జాలహళ్లి_పెద్దాయన

పెట్టుకోవచ్చు, అందంగానే ఉంటుంది. కానీ దానికి మధ్యలో కొస తీసిన (సెంటర్ ట్యాప్) హెచ్‌టీ, అంటే ఎక్కువ వోల్టేజి, వైండింగ్ కావాలి, హీటర్‌కి ఇంకో ఆంపియర్ కావాలి, వాల్వు గుచ్చే బేసు ఇంకోటి కావాలి. మొదటి యాంప్లిఫయర్‌కి డయోడ్లు చాలు. ఈ పవర్ స్థాయిలో డయోడ్ల వల్ల ఈఎల్84 పాడైపోవడం నేను చూడలేదు. ఒక్క జాగ్రత్త: స్విచ్ వేయగానే, వాల్వులు వేడెక్కక ముందే, లోడు లేక వోల్టేజి 283 దాకా వెళ్తుంది. ఇంటి కరెంటు 250 వోల్టులకి ఎక్కిన రోజున 300 దాటుతుంది. అందుకని ఫిల్టర్ కెపాసిటర్లు 450 వోల్టులవే వెయ్యి.

ఓమ్స్_లా

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన పోస్టు. కొత్త_వాల్వు గారూ, ట్రాన్సిస్టర్లతో పని చేసినవాళ్లకి లోపల చెయ్యి పెట్టి సరిచేసే అలవాటు ఉంటుంది. ఇక్కడ ఆ అలవాటు ప్రాణం తీస్తుంది. 280 వోల్టుల డీసీ, 100 మైక్రోఫారడ్ కెపాసిటర్లు. ప్లగ్ పీకేసినా ఆ చార్జి అలాగే ఉంటుంది.

కాబట్టి ఫిల్టర్ కెపాసిటర్‌కి అడ్డంగా 220 కిలో ఓమ్స్, 2 వాట్ల బ్లీడర్ రెసిస్టర్ శాశ్వతంగా సోల్డర్ చేసేయండి. రెండు వందల మైక్రోఫారడ్లు మొత్తం ఉంటే, రెండు నిమిషాల్లో 20 వోల్టులకి దిగుతుంది. అయినా ఆ రెసిస్టర్ని నమ్మి చెయ్యి పెట్టకండి. ప్రతిసారీ మీటరుతో చూసి, 10 వోల్టుల లోపు ఉంటేనే ముట్టుకోండి. కరెంటు ఉండగా కొలవాల్సి వస్తే మీటర్ నల్ల వైరుని క్లిప్‌తో ఛాసీకి (యాంప్లిఫయర్ లోహపు చట్రానికి) తగిలించి, ఒక్క చేత్తోనే కొలవండి. రెండో చెయ్యి వెనక్కి. కాళ్లకి చెప్పులుండాలి. ఇంట్లో ఎవరూ లేనప్పుడు మొదటిసారి స్విచ్ వెయ్యకండి.

మెయిన్స్ మూడు పిన్నుల ప్లగ్గే. ఎర్త్ వైరు ఛాసీకి బోల్టుతో గట్టిగా బిగించాలి, వేరే ఏ పనికీ ఆ బోల్టు వాడకూడదు. హమ్ (స్పీకర్లో గుయ్‌మనే రొద) తగ్గుతుందని ఎర్త్ పీకేయమని ఎవరైనా చెబితే వినకండి. ఫేజ్‌లో 1 ఆంపియర్ స్లో-బ్లో ఫ్యూజు. అద్దె ఇంట్లో ఉంటే ఆ సాకెట్‌లో ఎర్త్ నిజంగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్ చేత చూపించుకోండి. పాత ఇళ్లలో మూడో రంధ్రం ఉంటుంది, దాని వెనక వైరు ఉండదు.

ఇంట్లో చిన్నపిల్లలుంటే వాల్వుల మీద జాలీ మూత తప్పనిసరి. ఈఎల్84 గాజు చెయ్యి కాలేంత వేడి ఉంటుంది.

జాలహళ్లి_పెద్దాయన

మేడమ్ చెప్పినదానిలో ఒక్క అక్షరం కూడా వదలకు. దానికి తోడు ఒక సీరీస్ బల్బు బోర్డు చేసుకో. 100 వాట్ల పాత ఫిలమెంటు బల్బుని యాంప్లిఫయర్‌తో సీరీస్‌లో పెట్టి మొదటిసారి స్విచ్ వెయ్యి. బల్బు ఒక్కసారి వెలిగి మసకబారితే మంచిదే. నిండుగా వెలిగి అలాగే ఉండిపోతే లోపల షార్ట్ ఉన్నట్టు, వెంటనే ఆపెయ్. ఎల్ఈడీ బల్బు దీనికి పనికిరాదు.

ఇంకోటి, స్పీకరు తగిలించకుండా ఎప్పుడూ సిగ్నల్ ఇవ్వకు. లోడు లేకపోతే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీలో వోల్టేజి విపరీతంగా ఎగిరి ఇన్సులేషన్ పోతుంది. ట్రాన్సిస్టర్ యాంప్లిఫయర్‌కి షార్ట్ భయం, వాల్వు యాంప్లిఫయర్‌కి ఓపెన్ భయం.

కొత్త_వాల్వు (మారతహళ్లి)

అన్నీ రాసుకున్నాను. పవర్ ట్రాన్స్‌ఫార్మర్, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్లు చుట్టించడానికి ఇచ్చాను. ఎస్.పి. రోడ్డులో వాల్వు బేసులు, ట్యాగ్ స్ట్రిప్పులు, రెసిస్టర్లు దొరికాయి. పవర్ సప్లయిలో అలజడిని వడకట్టే తీగచుట్ట, చోక్, మాత్రం దొరకలేదు. ఒక షాపతను దాని బదులు 100 ఓమ్స్ 10 వాట్ల రెసిస్టర్ వేసుకోమన్నారు. సరిపోతుందా?

ఇంకో సందేహం. ఆదివారం సంతలో పాత రేడియో ఒకటి చూశాను. అందులో కెపాసిటర్లు వాడుకోవచ్చా?

జాలహళ్లి_పెద్దాయన

రేడియోలోంచి బేసులు, నాబులు తీసుకో. కెపాసిటర్లు మాత్రం వద్దు. పాత పేపర్ కెపాసిటర్లన్నీ లీక్ అవుతాయి. ఈసీసీ83 ప్లేటు (సిగ్నల్ బయటికొచ్చే కొస) నుంచి ఈఎల్84 గ్రిడ్‌కి (సిగ్నల్ లోపలికెళ్లే కొస) వెళ్లే కప్లింగ్ కెపాసిటర్ లీకైతే, గ్రిడ్ మీదకి పాజిటివ్ వోల్టేజి వచ్చి వాల్వు కరెంటు హద్దు దాటుతుంది. ప్లేటు ఎర్రగా కాలుతుంది. కొత్త 0.1 మైక్రోఫారడ్, 630 వోల్టుల పాలియెస్టర్ కొను, చవకే. ఇక చోక్ బదులు రెసిస్టర్‌తో నడుస్తుంది, ముందు కట్టు. హమ్ వస్తే చూద్దాం.

ఓమ్స్_లా

సర్క్యూట్ విలువలు ఒకచోట పెడుతున్నాను, అడిగిన వాళ్లందరికీ ఉపయోగపడుతుంది.

ఇన్‌పుట్‌లో 100 కిలో ఓమ్స్ లాగ్ స్టీరియో వాల్యూమ్ పాట్. ఈసీసీ83 ప్లేటుకి 100 కిలో ఓమ్స్, కాథోడ్‌కి (ఎలక్ట్రాన్లు వెలువడే కొసకి) 1.5 కిలో ఓమ్స్, దానికి అడ్డంగా 47 మైక్రోఫారడ్. ఆ రెండింటికీ కింద, గ్రౌండ్‌కి ముందు 100 ఓమ్స్ ఒకటి విడిగా ఉంచండి, ఫీడ్‌బ్యాక్‌కి (అవుట్‌పుట్‌లో కొంత వెనక్కి ఇచ్చి సరిదిద్దడానికి) పనికొస్తుంది. కప్లింగ్ 0.1, ఈఎల్84 గ్రిడ్ నుంచి గ్రౌండ్‌కి 470 కిలో ఓమ్స్, గ్రిడ్ పిన్ను మీదే 1 కిలో ఓమ్ స్టాపర్. కాథోడ్‌లో 150 ఓమ్స్ 5 వాట్లు, దానికి అడ్డంగా 220 మైక్రోఫారడ్ 25 వోల్టులు.

ఈఎల్84లో 2 గ్రిడ్, 3 కాథోడ్, 4, 5 హీటర్, 7 ప్లేటు, 9 స్క్రీన్. పిన్నులు కింద నుంచి చూస్తూ, ఖాళీ దగ్గర మొదలుపెట్టి గడియారం తిరిగే దిశలో లెక్కపెట్టాలి. ఈసీసీ83కి 6.3 వోల్టులు ఇచ్చేటప్పుడు 4, 5 పిన్నులు కలిపి ఒక కొస, 9వ పిన్ను ఇంకో కొస.

మొదటి పరీక్ష ఫీడ్‌బ్యాక్ లేకుండా చేయండి. కాథోడ్ రెసిస్టర్ మీద వోల్టేజి చూడండి. 7.5 వోల్టులుంటే 150తో భాగిస్తే 50 మిల్లీయాంప్స్. అందులో స్క్రీన్ కరెంటు ఓ ఐదు తీసేస్తే ప్లేటులో 45. ప్లేటుకీ కాథోడ్‌కీ మధ్య 240 వోల్టులుంటే 10.8 వాట్లు. ఈఎల్84 హద్దు 12. ఈ లోపు ఉంటే నిశ్చింత.

రిచీ_స్ట్రీట్ (చెన్నై)

మేడమ్, ఫీడ్‌బ్యాక్ అసలు ఎందుకు? అది లేకపోతేనే సహజంగా ఉంటుందని చాలామంది అంటారు.

ఓమ్స్_లా

ట్రయోడ్ యాంప్లిఫయర్లో ఆ మాటకి అర్థం ఉంది. ఈఎల్84 పెంటోడ్, అంటే అయిదు ఎలక్ట్రోడ్ల వాల్వు. ఫీడ్‌బ్యాక్ లేకపోతే దాని అవుట్‌పుట్ ఇంపెడెన్స్ చాలా ఎక్కువ, స్పీకరు కోన్‌ని అదుపులో పెట్టలేదు, బాస్ వదులుగా బొంగురుగా వస్తుంది. పైగా మన సర్క్యూట్లో గెయిన్ అవసరానికి మించి ఉంది. 70 మిల్లీవోల్టుల ఇన్‌పుట్‌కే ఫుల్ పవర్ వచ్చేస్తుంది, ఫోన్ అయితే అర వోల్టు పైనే ఇస్తుంది. ఆ మిగులు గెయిన్‌ని ఫీడ్‌బ్యాక్‌లో ఖర్చు పెడితే డిస్టార్షన్, హమ్ రెండూ తగ్గుతాయి. 8 ఓమ్స్ ట్యాప్ నుంచి ఆ 100 ఓమ్స్ తల మీదకి 3.3 కిలో ఓమ్స్ వేస్తే సుమారు 12 డెసిబెల్స్ ఫీడ్‌బ్యాక్ వస్తుంది. తగిలించగానే యాంప్లిఫయర్ కూతపెడితే వెంటనే ఆపేసి, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ వైర్లు రెండూ అటూ ఇటూ మార్చండి.

ఫీడ్‌బ్యాక్ అసలు వద్దనుకుంటే స్క్రీన్‌ని 100 ఓమ్స్ ద్వారా ప్లేటుకి కలిపి ట్రయోడ్‌గా వాడుకోవచ్చు. అప్పుడు కాథోడ్ రెసిస్టర్ 270 ఓమ్స్ చేయాలి. పవర్ రెండు వాట్లకి పడిపోతుంది. వీణ గారు చెప్పినలాంటి మంచి సెన్సిటివిటీ స్పీకర్లుంటే అది కూడా చక్కటి దారే.

కొత్త_వాల్వు (మారతహళ్లి)

పాడింది! సీరీస్ బల్బు మసకబారింది, కాథోడ్ మీద ఎడమ 7.4, కుడి 7.6 వోల్టులు. ఫీడ్‌బ్యాక్ తగిలిస్తే కుడి ఛానెల్ కూత పెట్టింది, మీరు చెప్పినట్టు వైర్లు మార్చగానే ఆగిపోయింది. గొంతు ఎంత దగ్గరగా వినబడుతోందో చెప్పలేను. మా ఆవిడ కూడా వచ్చి కూర్చుంది.

కానీ రెండు ఛానెళ్లలోనూ గుయ్‌మని హమ్ ఉంది. వాల్యూమ్ పూర్తిగా తగ్గించినా అంతే. పాటల మధ్య ఖాళీలో స్పష్టంగా వినబడుతోంది. హీటర్ వైర్లు మెలిపెట్టే వేశాను. ల్యాప్‌టాప్ తగిలిస్తే ఇంకో రకం గరగర కూడా వస్తోంది.

జాలహళ్లి_పెద్దాయన

శభాష్! హమ్ గురించి టెన్షన్ పడకు, దాన్ని వెతికి పట్టుకోవచ్చు. మన కరెంటు 50 హెర్ట్జ్. బ్రిడ్జి రెక్టిఫయర్ దాటాక మిగిలే అలజడి 100 హెర్ట్జ్. ఫోన్లో టోన్ జనరేటర్ యాప్ పెట్టి 50, 100 రెండూ విని పోల్చి చూడు. 50 అయితే హీటర్ వైపు, గ్రౌండ్ వైపు వెతకాలి. 100 అయితే ఫిల్టర్.

తరవాత ప్లగ్ పీకి, చార్జి దిగాక, ఈసీసీ83ని బేసులోంచి తీసేసి మళ్లీ స్విచ్ వెయ్యి. హమ్ అలాగే ఉంటే మొదటి స్టేజి తప్పేమీ లేదు, చివరి స్టేజి లేదా పవర్ సప్లయి.

ల్యాప్‌టాప్ గరగర వేరే సంగతి. చార్జర్ పీకి బ్యాటరీ మీద నడిపి చూడు. పోతే అది గ్రౌండ్ లూప్, అంటే రెండు ఎర్త్ దారులు కలిసి వలయం అవడం.

కొత్త_వాల్వు (మారతహళ్లి)

100 హెర్ట్జే. ఈసీసీ83 తీసేసినా ఉంది. చార్జర్ పీకితే ల్యాప్‌టాప్ గరగర పోయింది.

ఓమ్స్_లా

అయితే ఫిల్టరే. కారణం లెక్కలో కనబడుతుంది. 100 హెర్ట్జ్ దగ్గర 100 మైక్రోఫారడ్ కెపాసిటర్ అడ్డు సుమారు 16 ఓమ్స్. దాని ముందు 100 ఓమ్స్ రెసిస్టర్ ఉంటే రిపుల్ (డీసీలో మిగిలే అలజడి) ఆరో వంతుకే తగ్గుతుంది. అదే 5 హెన్రీల చోక్ 100 హెర్ట్జ్ దగ్గర 3140 ఓమ్స్ అడ్డు పెడుతుంది, రిపుల్ దాదాపు రెండు వందలో వంతుకి పడిపోతుంది. పైగా చోక్ వైండింగ్ డీసీ రెసిస్టెన్స్ కూడా 100 ఓమ్స్ దగ్గరే ఉంటుంది కాబట్టి వోల్టేజీలు మారవు. పెంటోడ్ ప్లేటు ఆ రిపుల్‌ని చాలావరకు పట్టించుకోదు, స్క్రీన్ మాత్రం పట్టించుకుంటుంది, మీకు వినబడేది అదే.

పీణ్యా_వైండింగ్

5 హెన్రీలు, 150 మిల్లీయాంప్స్ డీసీ అని రాసి ఇవ్వండి. దీనికి కూడా ఎయిర్ గ్యాప్ ఉంటుంది. బిగించేటప్పుడు చోక్, పవర్ ట్రాన్స్‌ఫార్మర్, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్లు ఒకదానికొకటి లంబంగా తిరిగి ఉండేలా చూడండి. బిగించక ముందు ఒక పని చేయొచ్చు: పవర్ ట్రాన్స్‌ఫార్మర్‌కి మాత్రమే కరెంటిచ్చి, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ సెకండరీకి హెడ్‌ఫోన్ తగిలించి, దాన్ని అటూ ఇటూ తిప్పండి. హమ్ ఎక్కడ తక్కువ వినబడితే అక్కడ రంధ్రాలు వేయండి.

కొత్త_వాల్వు (మారతహళ్లి)

చోక్ వేశాను. స్పీకరు జాలీకి చెవి ఆనిస్తే తప్ప ఏమీ వినబడడం లేదు. పీణ్యా అన్నా, హెడ్‌ఫోన్ ఉపాయం అద్భుతం, కాస్త తిప్పగానే హమ్ ఎంత తగ్గిందో! ల్యాప్‌టాప్‌కి ప్రస్తుతం బ్యాటరీ మీదే వింటున్నాను.

బాలమురళి గారి గొంతులో కింది స్థాయి నిండుతనం ఇప్పుడు తెలుస్తోంది. పాత యాంప్లిఫయర్లో మృదంగం ఎడమ వైపు శబ్దం ఒక్కటే ముద్దలా వచ్చేది. ఇందులో చెయ్యి ఆనించి తీసిన గుమ్కీ విడిగా వినబడుతోంది.

వీణ_తీగ

చాలా సంతోషం. స్పీకర్లు కూడా మార్చి ఉంటే ఆ తేడాలో కొంత వాటిది కూడా అయి ఉంటుంది, అదీ మంచిదే. ల్యాప్‌టాప్‌కి ఒక ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్, ఆడియో లైన్‌కి పెట్టే చిన్నది, మధ్యలో వేస్తే చార్జర్ ఉండగానే వినొచ్చు.

రిచీ_స్ట్రీట్ (చెన్నై)

నాకూ ధైర్యం వచ్చింది. పీణ్యా గారూ, మీరు రాసిన స్పెసిఫికేషన్ కాగితం పట్టుకుని ఇక్కడ అడుగుతాను. పెద్దాయన గారూ, వాల్వులు ఎన్నాళ్లకి మార్చాలి?

జాలహళ్లి_పెద్దాయన

తేదీ చూసి మార్చకు నాయనా, మీటరు చూసి మార్చు. కట్టిన రోజున రెండు కాథోడ్ల వోల్టేజీ, అప్పటి హెచ్‌టీ వోల్టేజీ ఛాసీ లోపల కాగితం మీద రాసి అంటించు. అప్పుడప్పుడూ మళ్లీ కొలువు. హెచ్‌టీ అంతే ఉండి కాథోడ్ వోల్టేజి బాగా పడిపోతే వాల్వు నీరసపడ్డట్టు. ఒక్క ఛానెల్లోనే పడితే రెండు ఈఎల్84లని అటూ ఇటూ మార్చి చూడు. తగ్గుదల వాల్వుతో పాటు పక్కకి వెళ్తే వాల్వుదే తప్పు, అక్కడే ఉండిపోతే ఆ ఛానెల్ రెసిస్టర్లని చూడు.